ఇంగ్లిష్‌లో అన్యదేశ్య పదాల బహువచనాలు

నిర్వచనం, పరిధి

ఇంగ్లిష్ భాష ఇతర భాషల నుంచి తీసుకున్న నామవాచకాలకు బహువచనం ఏర్పడే తీరు ఈ వ్యాసవిషయం. అలా వచ్చిన పదానికి ఉన్న దారులు మూడు. ఇంగ్లిష్ సొంత ప్రత్యయమైన ‘ఎస్’ చేరడం మొదటిది: ఆల్బమ్, ఆల్బమ్స్. మూలభాషలోని బహువచన రూపమే వెంట రావడం రెండోది: బ్యాక్టీరియమ్, బ్యాక్టీరియా. రూపం మారకుండా ఒకే మాట రెండు వచనాలకూ చెల్లడం మూడోది: సమురాయ్. చాలా పదాలు ఒకే కాలంలో రెండు దారుల్లోనూ నడుస్తాయి. ఫార్ములా అనే మాటకు ఫార్ములాస్, ఫార్ములీ రెండూ ఒప్పే.

ఏ పదం ఏ దారి పడుతుందో వ్యుత్పత్తి తెలిస్తే చాలు, తేలిపోతుందని పాఠశాల వ్యాకరణాలు చెబుతాయి. అది సగం నిజం. పదం ఎప్పుడు వచ్చింది, పండితుల రాతలో వచ్చిందా, అంగడి మాటగా వచ్చిందా, ఏ రంగంలో స్థిరపడింది అన్నవి కూడా అంతే బలంగా పనిచేస్తాయి.

ఈ వ్యాసంలో ఇంగ్లిష్ రూపాలను వాటి ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో రాశాం. వర్ణక్రమం ముఖ్యమైన చోట అక్షరాల పేర్లు ఇచ్చాం.

ఇంగ్లిష్ సొంత పద్ధతి (చూ. ఉచ్చారణ)

నేటి ఇంగ్లిష్‌లో బహువచనానికి సాధారణ ప్రత్యయం ‘ఎస్’. రాతలో ఒకటే అయినా పలుకులో దీనికి మూడు రూపాలున్నాయి. పదం చివర క, ట, ప వంటి శ్వాస ధ్వని ఉంటే ‘స్’, నాద ధ్వని గాని అచ్చు గాని ఉంటే ‘జ్’, స, ష, చ, జ వంటి ధ్వనులుంటే ‘ఇజ్’ అని పలుకుతారు. కొత్తగా వచ్చిన పరభాషా పదానికి కూడా ఈ సూత్రం ఆలోచన లేకుండానే వర్తిస్తుంది.

1958లో అమెరికన్ పరిశోధకురాలు జీన్ బెర్కో ఈ సంగతిని చిన్నపిల్లలపై పరీక్షించింది. పిట్టలాంటి బొమ్మ చూపించి, దానికి ‘వగ్’ అనే లేని పేరు పెట్టి, రెండు ఉంటే ఏమంటారని అడిగింది. అంతకుముందు ఎన్నడూ వినని ఆ మాటకు పిల్లలు ‘వగ్జ్’ అన్నారు. ‘ఇజ్’ చేర్చవలసిన మాటల దగ్గర మాత్రం తడబడ్డారు. సాధారణ బహువచనం కంఠస్థం చేసిన జాబితా కాదని, లోపల పనిచేసే సూత్రమని ఈ ప్రయోగం చూపింది. బ్యాక్టీరియా, నెబ్యులీ వంటివి అలా పుట్టవు. వాటిని ఒక్కొక్కటిగా నేర్చుకోవాలి. సూత్రంతో పుట్టే రూపాలు, జ్ఞాపకంలో నిలిచే రూపాలు వేరువేరు పద్ధతుల్లో పనిచేస్తాయన్న వాదాన్ని స్టీవెన్ పింకర్ 1999లో వెలువడిన ‘వర్డ్స్ అండ్ రూల్స్’లో విస్తరించాడు. దానికి ఎదురువాదాలూ ఉన్నాయి. రెండు రకాల రూపాలనూ ఒకే సాదృశ్య ప్రక్రియ పుట్టించగలదని మరో వర్గం అంటుంది.

చరిత్ర

పాత ఇంగ్లిష్‌కు ఒకే బహువచన ప్రత్యయం ఉండేది కాదు. రాయి అనే అర్థంలో ‘స్తాన్’ బహువచనం ‘స్తానస్’. పేరు అనే అర్థంలో ‘నమ’ బహువచనం ‘నమన్’. పాదానికి ‘ఫోత్’, ‘ఫేత్’ అంటూ లోపలి అచ్చు మారేది. గొర్రె పేరుకు మార్పే ఉండేది కాదు. 1066 నాటి నార్మన్ ఆక్రమణ తరువాతి శతాబ్దాల్లో పదాంత అచ్చుల భేదాలు చెరిగిపోయి, పోటీ రెండు ప్రత్యయాల మధ్య మిగిలింది. ఉత్తర, మధ్య ఇంగ్లండ్‌లో ‘ఎస్’, దక్షిణాన ‘ఎన్’ వాడేవారు. షూ అనే మాటకు షూన్ అనే బహువచనం ఒకప్పుడు మామూలే. చివరికి ‘ఎస్’ గెలిచింది. ఆక్సెన్, చిల్డ్రెన్, బ్రెదరెన్ వంటివి ఓడిన పక్షం గుర్తులు.

లాటిన్ మాటలు ఇంగ్లిష్‌లోకి తొలినుంచీ వస్తూనే ఉన్నాయి. అయితే మొదట వచ్చినవి తమ బహువచనాలను తెచ్చుకోలేదు. గోడ అనే అర్థంలో ‘వాల్’ అనే మాట లాటిన్ ‘వాల్లుమ్’ నుంచి వచ్చింది. లాటిన్‌లో దాని బహువచనం ‘వాల్లా’. బ్యాక్టీరియమ్ కూడా సరిగ్గా ఆ తరగతి పదమే. అయినా గోడలను ఎవరూ వాల్లా అనలేదు, వాల్స్ అనే అంటున్నారు. వాల్లుమ్ జర్మానిక్ తెగల నోట రోమన్ సైనికుల ద్వారా, వర్తకుల ద్వారా పడింది. బ్యాక్టీరియమ్ 19వ శతాబ్దిలో సూక్ష్మదర్శిని పక్కన కూర్చున్నవాళ్ల కలం నుంచి వచ్చింది. తేడా అక్కడుంది.

విదేశీ బహువచనాలు పెద్ద ఎత్తున రావడం 16, 17 శతాబ్దాల్లో మొదలైంది. ఆనాటి ఇంగ్లండ్‌లో గ్రామర్ స్కూలు అంటే లాటిన్ వ్యాకరణం నేర్పే బడి. పండితులు లాటిన్‌లో చదివి, లాటిన్‌లోనే రాసేవారు. న్యూటన్ 1687లో ‘ప్రిన్కిపియా’ను లాటిన్‌లో ప్రచురించి, 1704లో ‘ఆప్టిక్స్’ను ఇంగ్లిష్‌లో తెచ్చాడు. ఒకే మనిషి రెండు భాషల్లోనూ శాస్త్రం రాస్తున్నప్పుడు పారిభాషిక పదం తన బహువచనంతో సహా ఇటు దాటడం సహజం. 1753లో లినేయస్ ‘స్పీషీస్ ప్లాంటారమ్’ తరువాత మొక్కలకూ జంతువులకూ లాటిన్ రూపంలో పేర్లు పెట్టడం స్థిరపడింది. ఫంగస్, జీనస్, లార్వా వంటి మాటలు నేటికీ మూల బహువచనాలను వదలకపోవడానికి ఆ ఒరవడి ఒక కారణం.

లాటిన్ మాటలు (చూ. గ్రీకు మాటలు, అతిసవరణ)

లాటిన్ నామవాచకాలు ఐదు తరగతులు. ఒక్కో తరగతికి ఒక్కో బహువచన పద్ధతి. ఇంగ్లిష్‌లోకి వచ్చాక ఈ తరగతి భేదాలు కంటికి కనబడవు. చిక్కులన్నిటికీ మూలం ఇదే.

‘యు-ఎస్’ ముగింపునే తీసుకుంటే అందులో కనీసం నాలుగు జాతులు కలిసిపోయి ఉన్నాయి. రెండో తరగతి పుంలింగ పదాలకు ‘ఐ’ వస్తుంది: న్యూక్లియస్, న్యూక్లియై, రేడియస్, రేడియై, స్టిమ్యులస్, స్టిమ్యులై, అలమ్నస్, అలమ్నై. మూడో తరగతి నపుంసక పదాల తీరు వేరు: జీనస్‌కు జెనెరా, కార్పస్‌కు కార్పొరా. నాలుగో తరగతికి చెందిన స్టేటస్, సెన్సస్, సైనస్, ప్రాస్పెక్టస్, యాపరేటస్ పదాలకు లాటిన్‌లో బహువచనం కూడా ‘యు-ఎస్’తోనే ముగుస్తుంది, అచ్చు ఒక్కటే దీర్ఘమవుతుంది. ఇంగ్లిష్‌లో వీటికి ‘ఇ-ఎస్’ చేర్చడమే సరైన పని. ‘స్టేటై’, ‘సెన్సై’ అనే రూపాలకు ఏ భాషలోనూ ఆధారం లేదు. వైరస్ మరో వింత. విషం, జిగట ద్రవం అనే అర్థాల్లో లాటిన్‌లో అది ద్రవ్యవాచకం, బహువచన ప్రయోగమే దొరకదు. అందువల్ల వైరసెస్ తప్ప మరో మార్గం లేదు.

ఇక నాలుగో జాతి అసలు నామవాచకాలే కాదు. ఇగ్నొరేమస్ అంటే లాటిన్‌లో ‘మాకు తెలియదు’ అనే క్రియ. సాక్ష్యం చాలదని జ్యూరీలు ఫిర్యాదు పత్రం మీద రాసే మాట అది. జార్జ్ రగిల్ 1615లో ఆ పేరుతో ఒక న్యాయవాదిని ఎగతాళి చేస్తూ నాటకం రాశాక ‘అజ్ఞాని’ అనే అర్థం పాదుకుంది. క్రియకు నామ బహువచనం ఎక్కడిది? కాబట్టి ఇగ్నొరేమసెస్. హైకోర్టు వార్తల్లో కనిపించే మాండమస్ రిట్ కూడా ఇలాంటిదే: ‘ఆదేశిస్తున్నాం’ అనే క్రియ. అఫిడవిట్ ‘ప్రమాణం చేశాడు’, వీటో ‘నిషేధిస్తున్నాను’, డెఫిసిట్ ‘తక్కువైంది’ అనే క్రియారూపాలు. వీటన్నిటికీ ‘ఎస్’ వినా గత్యంతరం లేదు. కోరమ్ అనేది ‘ఎవరిలో’ అనే అర్థమిచ్చే షష్ఠీ బహువచన సర్వనామం. దాని చివర ‘అమ్’ చూసి ‘కోరా’ అనకూడదు, కోరమ్స్ అనాలి.

ఆమ్నిబస్ చతుర్థీ బహువచనం, ‘అందరికీ’ అని అర్థం. 1829లో జార్జ్ షిల్లిబీర్ లండన్‌లో గుర్రాలు లాగే ప్రయాణిక బండ్లకు ఈ పేరు వాడాడు. తరువాత జనం తలభాగం తెంచేసి తోకను మాత్రమే ఉంచుకున్నారు. అలా మిగిలిన బస్ అనేది లాటిన్ బహువచన విభక్తి ప్రత్యయంలోని ముక్క. బసెస్ అన్నా, తెలుగులో బస్సులు అన్నా బహువచన ప్రత్యయం మీద బహువచన ప్రత్యయం చేరినట్టే.

‘అమ్’ ముగింపు గల నపుంసక పదాలకు ‘ఆ’ వస్తుంది: బ్యాక్టీరియా, స్ట్రాటా, ఎరాటా, కరిక్యులా. నిత్యజీవితంలో కలిసిపోయినవి దీన్ని వదిలేశాయి: మ్యూజియమ్స్, ఆల్బమ్స్, ఫోరమ్స్, స్టేడియమ్స్. స్టేడియా అనే రూపం ప్రాచీన గ్రీకుల దూరమానాన్ని చెప్పేటప్పుడు మిగిలింది. మెమొరాండమ్ దగ్గర కార్యాలయాలు రెండుగా చీలాయి. లాంఛన పత్రాల్లో మెమొరాండా, రోజువారీ మాటలో మెమోస్. రెఫరెండమ్ సంగతి వేరు. ప్రజాభిప్రాయ సేకరణ అనే అర్థంలో అది లాటిన్ క్రియాజన్య నామం, దానికి బహువచనం లేదు. రెఫరెండా అంటే లాటిన్ ప్రకారం ‘జనం ముందు ఉంచవలసిన అంశాలు’ అవుతుంది. అందుకే రెఫరెండమ్స్ మేలని చాలామంది నిఘంటుకారుల మొగ్గు.

‘ఆ’తో ముగిసే స్త్రీలింగ పదాలకు ‘ఎ-ఇ’ చేరుతుంది: లార్వీ, ఆల్జీ, వర్టిబ్రీ, నెబ్యులీ. ‘ఎక్స్’తో ముగిసేవి ‘ఇసీస్’ అవుతాయి: మేట్రిక్స్, మేట్రిసీస్, వర్టెక్స్, వర్టిసీస్. స్పీషీస్, సిరీస్ రెండు వచనాల్లోనూ ఒకటే. స్పీషీస్ చివరి ‘ఎస్’ను బహువచనంగా భ్రమపడి ఒక జాతిని ‘స్పీషీ’ అనడం తప్పు. ఆ రూపంలో ఉన్న మాటకు నాణేల రూపంలోని డబ్బు అని అర్థం.

గ్రీకు మాటలు

‘ఆన్’ ముగింపుకు ‘ఆ’: ఫెనామెనన్, ఫెనామెనా, క్రైటీరియన్, క్రైటీరియా, మైటోకాండ్రియన్, మైటోకాండ్రియా. కానీ ఇదే ముగింపు పెట్టి శాస్త్రజ్ఞులు తయారుచేసిన పదాలు ఈ బాట పట్టలేదు. 1891లో జార్జ్ జాన్‌స్టన్ స్టోనీ పెట్టిన ఎలక్ట్రాన్ అనే పేరుకు గానీ, 1920లో రూథర్‌ఫర్డ్ పెట్టిన ప్రోటాన్‌కు గానీ గ్రీకు బహువచనం ఎవరూ వాడలేదు. జీవశాస్త్రం గ్రీకును నిలుపుకొంటే భౌతికశాస్త్రం ‘ఎస్’ను ఎంచుకుంది.

‘ఇస్’ ముగింపుకు ‘ఈజ్’: క్రైసిస్, క్రైసీజ్, థీసిస్, థీసీజ్, హైపాథెసిస్, హైపాథెసీజ్. విదేశీ బహువచనాల్లో అత్యంత స్థిరమైన కుటుంబం ఇదే. క్రైసిసిస్ అని పలకడం నాలుకకు కష్టం కావడం దానికి కారణం కావచ్చు. ‘మా’ ముగింపుకు ‘మాటా’ వస్తుంది గానీ చాలావరకు తగ్గిపోయింది: స్టోమా, స్టోమాటా నిలిచింది, డ్రామా, డిలెమా, డాగ్మా పదాలకు ‘ఎస్’ స్థిరపడింది.

ఫ్రెంచ్, ఇటాలియన్ మాటలు

ఫ్రెంచ్ బహువచనం కూడా ‘ఎస్’ గుర్తుతోనే సాగుతుంది కాబట్టి ఘర్షణ తక్కువ. ‘ఇ-ఎ-యు’తో ముగిసే బ్యూరో, ప్లేటో, టాబ్లో పదాలకు ఫ్రెంచ్‌లో ‘ఎక్స్’ అక్షరం చేరుతుంది. అక్కడ అది పలకదు. ఇంగ్లిష్‌లో ‘ఎక్స్’ రాసినా ‘ఎస్’ రాసినా ‘జ్’ అనే పలుకుతారు. సైన్యానికి సంబంధించిన కోర్ అనే మాట రాతలో రెండు వచనాలకూ ఒకటే, బహువచనంలో ‘కోర్జ్’ అని వినిపిస్తుంది. విశేషణం నామం తరువాత వచ్చే ఫ్రెంచ్ వరస కూడా న్యాయ, పాలన పదజాలంలో మిగిలిపోయింది. అందుకే కోర్ట్స్ మార్షల్, అటార్నీస్ జనరల్, గవర్నర్స్ జనరల్ అంటూ ‘ఎస్’ మొదటి మాటకు చేరుతుంది.

ఇటాలియన్ ‘ఓ’ ముగింపుకు ‘ఈ’ వస్తుంది. సంగీతంలో లిబ్రెట్టి, టెంపి వాడతారు గానీ పియానోస్, సోలోస్, సొప్రానోస్ పూర్తిగా ఇంగ్లిష్ అయ్యాయి. 1960లో ఫెడెరికో ఫెల్లినీ తీసిన ‘లా డోల్చే వీటా’లో ఒక ఫొటోగ్రాఫర్ పాత్ర పేరు పాపరాట్సో. బహువచనం పాపరాట్సి లోకమంతా వ్యాపించింది. గుంపుగానే తిరుగుతారు గనుక కాబోలు, ఏకవచనం పెద్దగా వినబడదు. స్పఘెట్టి ఇటలీలో బహువచనం, ఇంగ్లిష్‌లో ద్రవ్యవాచక ఏకవచనం.

హీబ్రూ, అరబిక్, జపనీస్, ఇతర భాషలు

హీబ్రూ పుంలింగ బహువచనం ‘ఈమ్’: కిబుట్స్, కిబుట్సీమ్, చెరబ్, చెరబిమ్. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ దీనిపై మళ్లీ ‘ఎస్’ చేర్చి ‘చెరబిమ్స్’ అని రాసింది. ఇలా రెట్టింపైన బహువచనాలు నేటి భాషలోనూ పుడుతున్నాయి. పానీనీ ఇటాలియన్‌లో ఇప్పటికే బహువచనం, అయినా ఇంగ్లిష్ హోటళ్ల జాబితాల్లో పానీనీస్ అని ఉంటుంది.

అరబిక్ ముజాహిద్‌కు ముజాహిదీన్. విద్యార్థి అనే అర్థమున్న తాలిబ్‌కు పష్తోలో తాలిబాన్. ఇంగ్లిష్ వార్తాపత్రికలు దీన్ని ఒక సంస్థ పేరుగా వాడుతూ క్రియను ఒక్కోసారి ఏకవచనంలో, ఒక్కోసారి బహువచనంలో రాస్తాయి. జపనీస్‌లో నామవాచకానికి బహువచన గుర్తు తప్పనిసరి కాదు. సమురాయ్, హైకు అలాగే నిలవగా, సునామీకి సునామీస్, ఎమోజీకి ఎమోజీస్ కూడా వచ్చాయి. న్యూజిలండ్ ఇంగ్లిష్‌లో మావోరి పదాలకు ‘ఎస్’ చేర్చకపోవడం ఆ భాషకిచ్చే గౌరవంగా స్థిరపడింది. అక్కడ కివి పక్షులు ఎన్ని ఉన్నా కివి. దేశస్థులు మాత్రం కివీస్. ఆఫ్రికా బాంటు భాషల్లో వచనం పదం ముందు తెలుస్తుంది. బోట్స్‌వానా పౌరుడు ఒకరైతే మోట్స్‌వానా, పలువురైతే బాట్స్‌వానా. ఇనుయిట్ అనేదే బహువచనం, ఏకవచనం ఇనుక్.

యూరో విషయంలో చట్టమే జోక్యం చేసుకుంది. యూరోపియన్ యూనియన్ ఇంగ్లిష్ చట్టపాఠాల్లో యూరో, సెంట్ పదాలకు బహువచనంలోనూ ‘ఎస్’ లేకుండా రాశారు. వీధిలో, పత్రికల్లో యూరోస్ అన్నారు, అంటున్నారు.

భారతీయ భాషల మాటలు

భారతీయ భాషల నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన పదాల్లో ఎక్కువ భాగం వర్తకులు, సైనికులు, అధికారులు చెవితో విని పట్టుకున్నవి. అందువల్ల వాటికి ‘ఎస్’ సహజంగా చేరింది: పండిట్స్, సారీస్, రుపీస్, బ్యాంగిల్స్. తెలుగు ‘పందికొక్కు’ బ్యాండికూట్ అయింది. యూల్, బర్నెల్ కూర్చగా 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఈ వ్యుత్పత్తిని నమోదు చేసింది. తీసుకున్నది తెలుగు ఏకవచనాన్ని. బ్యాండికూట్స్ అనడంలో ‘పందికొక్కులు’ జాడ లేదు. తరువాత ఆస్ట్రేలియాలో మరో జంతువుకు కూడా ఇదే పేరు పెట్టారు.

మూలభాష బహువచనం ఇంగ్లిష్‌లో నిలిచిన అరుదైన ఉదాహరణ పైసా. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. ఒక పైసా నాణెం మీద ఇంగ్లిష్ లిపిలో ‘నయా పైసా’ అని, రెండు పైసల నాణెం మీద ‘నయే పైసే’ అని ముద్రించారు. నామమే కాదు, విశేషణం కూడా హిందీ వ్యాకరణం ప్రకారం మారింది. లాటిన్ పదాలకు కూడా ఇంగ్లిష్ ఇంత మర్యాద చేయలేదు. 1964లో ‘నయా’ తీసేశాక కూడా యాభై పైసల నాణెం మీద ‘పైసే’ కొనసాగింది. అంతకుముందు బ్రిటిష్ కాలపు రెండణాల నాణెం మీద మాత్రం ‘ఎస్’ చేర్చి ‘అన్నాస్’ అనే రాశారు. రూపాయి సంక్షిప్త రూపంలోనూ వచనభేదం ఉండేది. ఒక రూపాయికి ‘ఆర్-ఇ’, అంతకుమించితే ‘ఆర్-ఎస్’. 2010లో రూపాయి చిహ్నం వచ్చాక ఈ భేదం అవసరం తగ్గింది.

లాక్, క్రోర్ పదాలు ఇంగ్లిష్ సంఖ్యావాచకాల అచ్చులో పడ్డాయి. హండ్రెడ్, థౌజండ్ మాదిరిగా అంకె ముందుంటే ‘టెన్ లాక్’ అని, లెక్క తెలియని పెద్దమొత్తమైతే ‘లాక్స్ ఆఫ్ రుపీస్’ అని రాయడం చాలా పత్రికల పద్ధతి. భారతీయ వాడుకలో ‘టెన్ లాక్స్’ కూడా అంతే విస్తారం. పైజామా దారి వేరు. పర్షియన్‌లో కాలి వస్త్రం అనే అర్థమున్న ఈ పదం హిందీలోను, తెలుగులోను ఏకవచనమే. ఇంగ్లిష్‌లో రెండు కాళ్లున్న దుస్తులన్నీ బహువచనాలు కాబట్టి ట్రౌజర్స్ పక్కన పైజామాస్ చేరింది. రడ్యర్డ్ కిప్లింగ్ 1894 నాటి ‘జంగిల్ బుక్’లో కోతి మూకను ‘బందర్-లోగ్’ అంటూ హిందీ సమూహవాచకాన్నే వాడాడు. అలాంటివి సాహిత్యానికే పరిమితమయ్యాయి.

జంట రూపాలు, అర్థభేదం

ఒక పదానికి రెండు బహువచనాలు నిలిచినప్పుడు అవి పని పంచుకుంటాయి. పురుగు తలమీది స్పర్శకాలు యాంటెన్నీ, ఇంటి మీది రేడియో పరికరాలు యాంటెన్నాస్. పుస్తకం చివరి పదసూచికలు ఇండెక్సెస్, గణితంలో ఘాతాంకాలు, మార్కెట్ సూచీలు ఇండిసీస్. గ్రంథానికి అనుబంధాలు అపెండిసీస్, శస్త్రచికిత్సలో తీసేసేవి అపెండిక్సెస్. ఆత్మలతో మాట్లాడిస్తామనేవారు మీడియమ్స్, పత్రికలు, టీవీలు మీడియా. క్రైస్తవ సంప్రదాయంలో క్రీస్తు గాయాల గుర్తులు స్టిగ్మాటా, పువ్వులోని కీలాగ్రాలు స్టిగ్మాస్. సాధారణంగా విదేశీ రూపం శాస్త్రానికీ, లాంఛనానికీ, ‘ఎస్’ రూపం నిత్యవ్యవహారానికీ దక్కుతుంది. అపెండిక్స్ దీనికి మినహాయింపు. అక్కడ వైద్యులే ‘ఎస్’ వైపు ఉన్నారు.

బహువచనం ఏకవచనమైన తీరు

అజెండా లాటిన్‌లో ‘చేయవలసిన పనులు’ అనే బహువచనం. ఏకవచనమైన అజెండమ్‌ను జనం మరచిపోయారు. నేడు అజెండా ఒకటి, అజెండాస్ పలు. దీన్ని తప్పనేవారు ఇప్పుడు లేరు. స్టామినా, ఇన్‌సిగ్నియా, ఒపెరా కూడా అలా మారినవే. డేటా ఇంకా మధ్యదారిలో ఉంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ రచనాశైలి దాన్ని బహువచనంగా చూస్తుంది. గార్డియన్ పత్రిక శైలి ఏకవచన క్రియ వాడమంటుంది. ఏకవచనమైన డేటమ్ భూమి కొలతల శాస్త్రంలో వేరే అర్థంతో బతికింది, అక్కడ దాని బహువచనం డేటమ్స్. క్రైటీరియా, ఫెనామెనా, బ్యాక్టీరియా పదాలను ఏకవచనంగా వాడటం మాటల్లో విరివిగా ఉన్నా, సంపాదకులు ఇంకా దిద్దుతున్నారు. భారతదేశంలో ‘ఫలానా కాలేజీ అలమ్నైని’ అని ఒక్కరే చెప్పుకోవడం సర్వసాధారణం. వ్యాకరణం ప్రకారం పురుషుడైతే అలమ్నస్, స్త్రీ అయితే అలమ్నా.

దీనికి ఎదురు నడకా ఉంది. ఏకవచనం చివర ‘స’ ధ్వని ఉంటే దాన్ని బహువచన ప్రత్యయమనుకుని తీసేస్తారు. చెర్రీ పండు నార్మన్ ఫ్రెంచ్‌లో ‘షెరీజ్’, అది ఏకవచనం. పీ (బఠాణీ) పూర్వరూపం ‘పీజ్’ కూడా ఏకవచనమే. ఆస్తి అనే అర్థంలోని యాసెట్ ‘చాలినంత’ అనే అర్థమున్న ఆంగ్లో-నార్మన్ మాట నుంచి పుట్టింది. కండరం పేరు బైసెప్స్‌కు లాటిన్‌లో ‘రెండు తలలది’ అని అర్థం, అది ఏకవచనం. వ్యాయామశాలల్లో ‘బైసెప్’ పుట్టి నిఘంటువులకెక్కింది.

అతిసవరణ

సూత్రాన్ని అవసరం లేని చోట ప్రయోగించడం అతిసవరణ. దీనికి ప్రసిద్ధ ఉదాహరణ ఆక్టోపస్. పదం గ్రీకు, చివరి భాగానికి పాదం అని అర్థం. గ్రీకు పద్ధతి పాటిస్తే ఆక్టోపొడీజ్, ఇంగ్లిష్ పాటిస్తే ఆక్టోపసెస్. ‘ఆక్టోపై’ లాటిన్ రెండో తరగతి అనుకుని కల్పించినది. అయితే వాడుకలో అది చాలాకాలంగా ఉంది, నిఘంటువులు కూడా చూపుతాయి. సిలబస్ కథ ఇంకా తమాషా. సిసిరో లేఖల్లో పుస్తకపు చీటీలను సూచించే ఒక గ్రీకు మాటను 15వ శతాబ్ది ముద్రణల్లో తప్పుగా అచ్చువేశారు. అందులోంచి సిలబస్ పుట్టింది. పుట్టుకే అచ్చుతప్పు అయిన పదానికి సిలబై సరైన బహువచనమా, సిలబసెస్సా అని వాదించుకోవడంలో అర్థం తక్కువ. రెండూ చెల్లుతున్నాయి.

ఉచ్చారణలోనూ అతిసవరణ ఉంది. థీసీజ్, క్రైసీజ్ విన్నవారు ప్రాసెస్ బహువచనాన్ని ‘ప్రాసెసీజ్’ అంటారు. ఆ పదానికి ఈ గ్రీకు కుటుంబంతో సంబంధం లేదు.

ఉచ్చారణ

ఇంగ్లిష్‌లో లాటిన్ పలికే పాత సంప్రదాయంలో ‘ఐ’ అక్షరం ‘ఐ’గా, ‘ఎ-ఇ’ జంట ‘ఈ’గా పలుకుతాయి. కనుక పురుషులు అలమ్నై, స్త్రీలు అలమ్నీ. రోమన్ల ఉచ్చారణగా పండితులు పునరుద్ధరించిన పద్ధతిలో ఇది తలకిందులు: పురుషులు అలుమ్నీ, స్త్రీలు అలుమ్నై. రెండు పద్ధతులు తెలిసిన సభలో వక్త ఏది పలికినా సగం మందికి తప్పుగానే వినిపిస్తుంది. ఫంగస్ బహువచనాన్ని ఫంజై, ఫంగై, ఫంజీ అని మూడు తీర్లలో పలుకుతారు. అన్నీ నిఘంటువుల్లో ఉన్నాయి.

ప్రామాణికత, ప్రస్తుత ధోరణి

ఇంగ్లిష్‌కు అధికారిక భాషా అకాడమీ లేదు. నిర్ణయం నిఘంటువులది, పత్రికల శైలిపుస్తకాలది, ఆయా శాస్త్రరంగాలది. హెచ్. డబ్ల్యు. ఫౌలర్ 1926లో తెచ్చిన ‘ఎ డిక్షనరీ ఆఫ్ మోడర్న్ ఇంగ్లిష్ యూసేజ్’లో లాటిన్ బహువచనాలకు ప్రత్యేక శీర్షిక ఇచ్చాడు. ఇంగ్లిష్ రూపమా, లాటిన్ రూపమా అన్నదానికి ఒకే సూత్రం చెప్పలేమని, వాడుక ఇంగ్లిష్ వైపు జరుగుతోందని ఆయన గమనిక. బళ్లలో లాటిన్ బోధన తగ్గాక ఆ జరుగుబాటు కొనసాగింది. సాంకేతిక రంగాల్లో మాత్రం మూల రూపాలు గట్టిగానే నిలిచాయి.

తెలుగులో పోలిక

తెలుగు ఇంగ్లిష్ పదాలను తీసుకునేటప్పుడు దాదాపు ఎప్పుడూ తన ‘లు’నే చేరుస్తుంది, సంధి మార్పులతో సహా: రోడ్డు, రోడ్లు; బ్యాంకు, బ్యాంకులు. కాలు కాళ్లయినట్టే స్కూలు స్కూళ్లు, ఫైలు ఫైళ్లు అవుతాయి. చిప్స్, జీన్స్ వంటివి ఇంగ్లిష్ బహువచనంతోనే వచ్చి తెలుగులో వచనం లేని మాటలుగా స్థిరపడ్డాయి. సంస్కృతం నుంచి తీసుకున్న తత్సమాలకూ మూల బహువచనం రాలేదు. వృక్షం వృక్షాలు అయింది, ‘వృక్షాః’ కాలేదు. అయితే భగవాన్, శ్రీమాన్, విద్వాన్ అనే సంస్కృత ఏకవచనాల పక్కన తెలుగులో భగవంతుడు, శ్రీమంతుడు, విద్వాంసుడు ఉన్నాయి. సంస్కృతంలో భగవంతః, శ్రీమంతః, విద్వాంసః అనే బహువచనాల్లో కనిపించే రూపానికి ‘డు’ చేర్చి తెలుగు ఏకవచనం చేసుకుంది. మీడియా విషయంలో తెలుగు పత్రికలకు సందేహమే లేదు. ‘మీడియా చెబుతోంది’ అని ఏకవచన క్రియతో రాస్తాయి.